బతకాలన్న నిర్ణయం ఒక్కరిదేనా?

మహాభారతం శాంతిపర్వంలో, యుద్ధం ముగిశాక అంపశయ్య మీదున్న భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన కథల్లో ఇదొకటి. కశ్యపుడనే పేద బ్రాహ్మణుడు దారిన పోతుంటే, డబ్బు మదంతో కన్నూమిన్నూ కానని వర్తకుడొకడు రథంతో ఢీకొట్టి పడేసి వెళ్లిపోయాడు. పడ్డవాడికి దెబ్బ కంటే అవమానమే ఎక్కువ బాధ పెట్టింది. డబ్బులేనివాడి బతుకు బతుకే కాదు, ఇక్కడే ప్రాణం విడుస్తానని అక్కడే ఉండిపోయాడు. అప్పుడు ఇంద్రుడు నక్క రూపంలో వచ్చి పక్కన చేరాడు. నక్క శాస్త్రంతో మొదలుపెట్టలేదు. నీకు రెండు చేతులున్నాయి అంది. ఒంట్లో ముల్లు దిగితే నేను తీసుకోలేను, పురుగు కుడుతుంటే దులుపుకోలేను, నువ్వు డబ్బు కోసం ఎంత తపిస్తున్నావో నేను చేతుల కోసం అంత తపిస్తున్నాను అంది. నక్క చాలాసేపు మాట్లాడింది. కశ్యపుడు లేచాడు.

రథం తోలినవాడి ఊసు మాత్రం కథలో మళ్లీ రాదు. పైగా ఎవరి పుట్టుకతో వాళ్లు తృప్తిపడతారని, చండాలుడు సైతం తన దేహాన్ని వదులుకోవాలనుకోడని నక్క చెబుతుంది. పడినవాడి పక్కన కూర్చుని మాట్లాడడం ఆ కథలోని గొప్పతనం. పడేసినవాడిని నిలదీయకుండా, ఉన్నదానితో సరిపెట్టుకోమనడం అందులోని లోపం. కష్టంలో ఉన్న మనిషి బతకడాన్ని ఎందుకు ఎంచుకోవాలన్న ప్రశ్న మీద వేల ఏళ్లుగా సాగుతున్న చర్చ మొత్తంలో నాకు ఈ రెండూ కలిసే కనిపిస్తాయి. సమాధానాలన్నీ కష్టపడుతున్న మనిషికే చెబుతారు. అతని చుట్టూ ఉన్నవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు మాత్రం మిగిలిపోతాయి.

ఈ విషయం మీద మనకు దొరికిన అతి పాత రాతల్లో ఒకటి ఈజిప్టుది. బెర్లిన్‌లో భద్రపరిచిన ఆ పేపిరస్ వయసు సుమారు 4 వేల ఏళ్లు. బతుకు మీద విసిగిపోయిన మనిషి ఒకడు తన ఆత్మతో వాదనకు దిగుతాడు. చావు తీపి అంటాడు అతను. తొందరపడకు, ఉన్న రోజును చూడు అంటుంది ఆత్మ. అతని బాధ ఏమిటని చూస్తే ఆకలి కాదు, జబ్బు కాదు. అన్నదమ్ములు చెడ్డవాళ్లయ్యారు, స్నేహితులు మారిపోయారు, ఇవాళ మాట్లాడుకోవడానికి ఒక మనిషి లేడన్నదే అతను పదేపదే చెప్పుకునేది. అన్నేళ్ల కిందటి ఆ ఫిర్యాదు ఇవాళ ఏ మానసిక వైద్యుడి గదిలోనైనా వినిపిస్తుంది.

గ్రీకుల్లో సోక్రటీస్ మాట ప్లేటో రాసిన 'ఫీడో'లో ఉంది. క్రీ.పూ. 399లో విషం తాగే రోజున కూడా ఆయన, మనం దేవతల సొత్తు కాబట్టి వాళ్లు పంపకముందే వెళ్లిపోయే హక్కు మనకు లేదన్నాడు. అరిస్టాటిల్ ఆత్మహత్యను నగరానికి చేసే అన్యాయంగా చూశాడు. తర్వాత వచ్చిన స్టోయిక్కులు తలుపు తెరిచే ఉందన్నారు. భరించలేని స్థితి వస్తే వెళ్లిపోవడం మనిషి స్వేచ్ఛ అని వాళ్ల వాదం. బానిసగా పుట్టి, కుంటివాడై బతికిన ఎపిక్టెటస్ అలా అన్నాడంటే అది సుఖంగా కూర్చున్నవాడి మాట కాదు.

స్టోయిక్కుల్లో ఈ స్వేచ్ఛను అందరికంటే గట్టిగా పొగిడినవాడు సెనెకా. ఆయనే లుసీలియస్‌కు రాసిన 78వ ఉత్తరంలో తన సంగతి ఒకటి చెప్పుకున్నాడు. యవ్వనంలో జబ్బుతో చిక్కి శల్యమై, ఇక చాలనుకున్నాడట. వయసు మళ్లిన తండ్రి గుర్తొచ్చి ఆగాడు. తాను ధైర్యంగా చావగలడా అని కాదు, తను పోతే ఆ ముసలాయన తట్టుకోగలడా అని ఆలోచించాడు. బతకమని తనకు తనే ఆజ్ఞ వేసుకున్నాడు. కొన్నిసార్లు బతకడమే సాహసమని అక్కడ అంటాడు. తనను నిలబెట్టినవాటిలో తత్వశాస్త్రంతో పాటు, మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన స్నేహితులనూ లెక్కపెట్టాడు. సిద్ధాంతంలో మనిషిని ఒంటరిగా నిలబెట్టిన తత్వవేత్త, తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు తండ్రినీ స్నేహితులనూ పట్టుకుని గట్టెక్కాడు. సెనెకా రాసినవాటిలో నాకు అన్నిటికంటే నమ్మదగినదిగా కనిపించేది ఈ ఉత్తరమే.

మన వైపు ఈశావాస్యోపనిషత్తు రెండో మంత్రం పని చేసుకుంటూ నూరేళ్లు బతకాలని కోరుకోమంటుంది. జైనుల సల్లేఖన వేరే దారి. అది కష్టానికి తాళలేక తీసుకునేది కాదు, గురువు అనుమతితో, సంఘం కళ్ల ముందు జరిగే వ్రతం. 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు దాన్ని ఆత్మహత్యగా లెక్కగట్టింది. అదే నెలాఖరున సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది.

వీటన్నిటికంటే ఈ ప్రశ్నలోకి లోతుగా దిగింది వాల్మీకి సుందరకాండ అని నా అభిప్రాయం. కష్టాల్లో ఉన్నవాళ్లు సుందరకాండ పారాయణ చేయడం తెలుగు ఇళ్లలో ఆనవాయితీ. ఆ కాండలో ఇద్దరు ప్రాణాలు వదులుకోవాలని అనుకుంటారన్న సంగతి మాత్రం పారాయణ చేసేవాళ్లలో ఎందరి మనసులో నిలుస్తుందో తెలియదు. మొదటివాడు హనుమంతుడు. లంకంతా గాలించినా సీత కనపడలేదు. ప్రాకారం మీద నిలబడి లెక్క వేసుకుంటాడు. ఈ కబురు మోసుకుపోతే రాముడు బతకడు, రాముడు పోతే లక్ష్మణుడు, వాళ్ల కబురు విని భరత శత్రుఘ్నులు, తల్లులు, అక్కడ సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, వానరసేన. కాబట్టి తిరిగి వెళ్లకూడదు, తనే లేకుండా పోవాలి అనుకుంటాడు. మరుక్షణం ఆ ఆలోచనను తనే తిప్పికొడతాడు. పోవడంలో దోషాలు ఎన్నో ఉన్నాయి, బతికున్నవాడు మంచిని చూస్తాడు, కాబట్టి ప్రాణం నిలుపుకుంటాను అనుకుంటాడు. ఆ తర్వాతే ఇంకా వెతకని అశోకవనం ఆయన కంట పడుతుంది. ఈ వరసను గమనించాలి. వనం కనిపించాక బతకాలనుకోలేదు. బతకాలనుకున్నాక వనం కనిపించింది. ఆశకు కారణం దొరికేదాకా నిర్ణయాన్ని వాయిదా వేయలేదు ఆయన.

రెండో మనిషి సీత. ఆమె కూడా ఆ తోటలో అదే అంచుకు వస్తుంది. ఆమెను వెనక్కి తెచ్చింది ఉపదేశం కాదు. చెట్టు మీద నుంచి ఎవరో రాముడి కథను మెల్లగా చెబుతున్న గొంతు. తర్వాత ఆమె, బతికున్న మనిషికి నూరేళ్లకైనా ఆనందం వస్తుందని జనం అనుకునే మాట నిజమేనంటుంది. ఆ రాత్రి హనుమంతుడు ప్రాకారం మీద వేరే నిర్ణయం తీసుకుని ఉంటే చెట్టు మీద ఆ గొంతు ఉండేది కాదు. ఒకరు బతకాలనుకోవడం ఇంకొకరు బతకడానికి కారణమైంది. ఎదుటిమనిషి ఎక్కడుందో, తన అవసరం ఆమెకు ఎంతో, నిర్ణయం తీసుకునే క్షణంలో హనుమంతుడికి తెలియదు. ఎవరికీ ఉపయోగపడనని అనుకునే మనిషికి ఇంతకంటే మంచి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

బుద్ధుడి సంఘం ఈ ప్రశ్నను మరో వైపు నుంచి పట్టుకుంది. వినయపిటకంలో భిక్షువును సంఘం నుంచి శాశ్వతంగా వెలివేసే తప్పులు నాలుగు. వాటిలో మూడోది నరహత్య. దాని కిందికి చావును పొగిడి ఎదుటివాడిని ఆ వైపు నెట్టడం కూడా వస్తుంది. జబ్బుపడిన ఒక గృహస్థుకు, నువ్వు చేయాల్సిన పుణ్యం చేసేశావు, ఇక చావే మేలని భిక్షువులు కొందరు చెప్పడం, అతను ఆ మాట పట్టుకుని చనిపోవడం ఆ నియమం వెనక ఉన్న కథల్లో ఒకటి. బాధలో ఉన్నవాడు ఏం చేయాలన్నదానితో సరిపెట్టకుండా, వాడి ముందు మనం ఏం మాట్లాడాలన్నది కూడా శిక్షాస్మృతిలో చేర్చిన సంప్రదాయం ఇది. ఈ ఒక్క విషయంలో బౌద్ధం గ్రీకుల కంటే ముందుంది.

యూరప్‌లో క్రైస్తవం ఆత్మహత్యను పాపమంది. అగస్టీన్, అక్వినాస్ ఆ వాదానికి గట్టి పునాదులు వేశారు. డేవిడ్ హ్యూమ్ వాటిని తవ్వేశాడు. ఆయన చనిపోయాక 1777లో అచ్చయిన వ్యాసంలో, నది దారి మళ్లించడం దేవుడి మీద తిరుగుబాటు కానప్పుడు ఇది మాత్రం ఎలా అవుతుందని అడిగాడు. కాంట్ 1785లో, మనిషి తనను తాను కూడా కేవలం సాధనంగా వాడుకోకూడదని జవాబిచ్చాడు. ఇవి రెండూ పదునైన వాదాలే. అర్ధరాత్రి నిద్రపట్టక కూర్చున్నవాడికి రెండూ అక్కరకు రావు.

షోపెన్‌హావర్ సంగతి వేరు. బతుకంతా బాధేనన్న ఆయన ఆత్మహత్యను సమర్థించి ఉంటాడని చాలామంది అనుకుంటారు. సమర్థించలేదు. ప్రాణం తీసుకునేవాడు బతుకును కాదనడు, తనకు దక్కిన బతుకు షరతులను కాదంటాడు, నిజానికి వాడికి బతకాలనే ఉంటుంది అన్నాడు. ఈ చర్చ మొత్తంలో నాకు కీలకంగా కనిపించే మాట ఇదే. దీన్నుంచి రావాల్సిన ముగింపు మాత్రం ఆయన తీయలేదు. కాదంటున్నది షరతులనే అయితే, ఆ షరతులు ఎవరు పెట్టారు, వాటిని మార్చగలిగినవాళ్లు ఎవరు అని కదా తర్వాత అడగాలి. ఆయన కోరికలు చంపుకోమనే దారి పట్టాడు.

ఆయన వారసుల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు దక్షిణాఫ్రికా తత్వవేత్త డేవిడ్ బెనటార్. అసలు పుట్టకపోవడమే మేలని 2006లో పుస్తకం రాశాడు. బాధ లేకపోవడం అనుభవించేవాడు లేకపోయినా మంచిదే, సుఖం లేకపోవడం మాత్రం పోగొట్టుకునేవాడు ఉంటేనే చెడు అన్నది ఆయన తర్కం. 2019లో ముంబయి యువకుడొకడు తన అనుమతి లేకుండా కన్నందుకు తల్లిదండ్రుల మీద దావా వేస్తానని ప్రకటించినప్పుడు ఈ వాదం మన పత్రికల్లోకీ వచ్చింది. ఆ హడావుడిలో మరుగునపడిన సంగతి ఒకటుంది. మొదలుపెట్టదగిన జీవితం వేరు, కొనసాగించదగిన జీవితం వేరని బెనటార్ స్వయంగా గీత గీశాడు. పుట్టినవాడికి బతుకు మీద ఆసక్తి ఏర్పడుతుంది, చావు అతనికి హాని చేస్తుంది అంటాడు. పుట్టుక గురించిన ఆయన తర్కాన్ని బతుకు వదులుకోవడానికి సాకుగా వాడడం ఆయన్ను తప్పు చదవడమే.

ఇక కామూ. 1913లో అల్జీరియాలో పేద ఇంట్లో పుట్టాడు, పదిహేడో ఏట క్షయ పట్టుకుంది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో 1942లో 'ది మిత్ ఆఫ్ సిసిఫస్' అచ్చయింది. బతుకు బతకదగినదా కాదా అన్నదే తత్వశాస్త్రానికి మొదటి ప్రశ్న అన్నాడు అందులో. కొండ మీదికి బండ దొర్లించడం, అది కిందికి జారడం, మళ్లీ దొర్లించడం. ఈ శిక్ష పడిన సిసిఫస్ అందరికీ గుర్తే. ఆ శిక్ష ఎందుకు పడిందో కామూ చెప్పిన భాగాన్ని ఎక్కువమంది దాటేస్తారు. చనిపోయిన సిసిఫస్ చిన్న పని మీద భూమికి వెళ్లొస్తానని అనుమతి తీసుకుంటాడు. వచ్చాక నీళ్లు, ఎండ, వెచ్చటి రాళ్లు, సముద్రం చూసి ఇక తిరిగి వెళ్లబుద్ధి కాదు. పిలుపులు వచ్చినా, హెచ్చరికలు వచ్చినా ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోతాడు. లోకాన్ని ప్రేమించినందుకు పడిన శిక్ష అది. అర్థం లేకపోయినా బతకవచ్చని కామూ చెప్పిన మాటకు బలం అక్కడుంది. ముందు అర్థం వెతికి పట్టుకుని ఆ తర్వాత బతకడం మొదలుపెట్టినవాళ్లు ఎవరూ లేరు.

అయినా ఆ కొండ మీద సిసిఫస్ ఒక్కడే. ఆ లోపం కామూకే తెలిసిందనుకుంటాను. 1947లో వచ్చిన 'ప్లేగు' నవలలో ఒరాన్ పట్టణమంతా ఒకే జబ్బు చిక్కులో ఉంటుంది. డాక్టర్ రియూకు గెలుస్తానన్న నమ్మకం లేదు, దేవుడి మీదా నమ్మకం లేదు. రోజూ రోగుల దగ్గరికి వెళతాడు, అంతే. ప్రశ్న ఒక మనిషి నుంచి ఊరికి మారింది. అయిదేళ్లలో కామూ నడిచిన ఆ దూరమే ఆయన తత్వంలో విలువైన భాగమని నా నమ్మకం. కాలేజీల్లో కామూ అంటే సిసిఫస్ పుస్తకం దగ్గరే ఆగిపోతున్నారు.

నాజీ శిబిరాల నుంచి బయటపడినవాళ్ల మాట లేకుండా ఈ సమీక్ష పూర్తికాదు. వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ నాలుగు శిబిరాలు చూశాడు. తండ్రి, తల్లి, అన్న, భార్య అందరూ పోయారు. 1946లో అచ్చయిన ఆయన పుస్తకం ఇప్పుడు ప్రపంచమంతా చదువుతోంది. అందులో ఇక బతకమన్న ఇద్దరు ఖైదీలు కనిపిస్తారు. ఒకరికి పరాయి దేశంలో ఎదురుచూస్తున్న బిడ్డ ఉంది. ఇంకొకరు శాస్త్రవేత్త, ఆయన తప్ప వేరెవరూ పూర్తిచేయలేని పుస్తకాలు సగంలో ఉన్నాయి. ఫ్రాంక్ల్ వాళ్లకు గుర్తుచేసింది అదే. ఈ ఘట్టం నిజమైనదే. దాన్ని పట్టుకుని, మనసులో లక్ష్యం ఉంటే ఎవరైనా ఎంతటి నరకాన్నైనా దాటగలరని చెప్పే వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు మాత్రం అన్యాయం చేస్తున్నాయి. అలా అంటే దాటలేకపోయినవాళ్లకు లక్ష్యం లేదని అర్థమవుతుంది. ఉత్తములు తిరిగి రాలేదని ఫ్రాంక్ల్ స్వయంగా రాశాడు. ప్రిమో లెవీ 1986 నాటి పుస్తకంలో ఇంకా కటువుగా, బతికినవాళ్లం మంచివాళ్లమై బతకలేదని తేల్చాడు.

జాన్ అమెరీ వీళ్లిద్దరితోనూ కలవడు. 1943లో బెల్జియంలో నాజీల చేత చిత్రహింస పడ్డాడు, ఔష్విట్జ్ చూశాడు. 1976లో స్వచ్ఛంద మరణాన్ని మనిషి హక్కుగా వాదిస్తూ పుస్తకం రాశాడు, రెండేళ్ల తర్వాత తన ప్రాణం తీసుకున్నాడు. ఆయన్ను పిరికివాడనో రోగి అనో కొట్టిపారేయడం నా చేత కాదు. ఆయన చిత్రహింస గురించి అంతకు పదేళ్ల ముందు రాసిన వ్యాసాన్ని పక్కన పెట్టుకుని చదవాలి. మొదటి దెబ్బతోనే మనిషి పోగొట్టుకునేది లోకం మీద నమ్మకమని, ఆ నమ్మకంలో ముఖ్యమైనది ఆపదలో ఎవరో ఒకరు సాయానికి వస్తారన్న ఆశ అని అందులో వివరిస్తాడు. ఎవరూ రారని ఒంటితో తెలుసుకున్నవాడు ఆయన. మరణాన్ని హక్కుగా వాదించిన మనిషే, బతకాలన్న కోరిక దేని మీద నిలబడుతుందో అందరికంటే స్పష్టంగా చెప్పాడు.

మన నవలలు కూడా ఇక్కడికే చేరాయి. తత్వవేత్తల మీద తెలుగులో పుస్తకం రాసిన గోపీచంద్, 'అసమర్థుని జీవయాత్ర'ను ఎందుకు అని అడగడం నేర్పిన తండ్రికి అంకితమిచ్చాడు. అందులో సీతారామారావును చంపింది ఆస్తి కరిగిపోవడం కాదు. వంశగౌరవం పట్టుకుని భార్య నుంచి, స్నేహితుల నుంచి, ఊరి నుంచి తనను తాను ఒక్కొక్కటిగా తెంచుకుంటూ పోవడం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి కూడా లోకం చేత గాయపడ్డవాడే. అతను మాత్రం జీవితానికి అర్థం ఏమిటన్న ప్రశ్నతో పాటే బతకడం నేర్చుకుంటాడు.

పోతన గజేంద్రమోక్షం తెలియని తెలుగువాడు లేడు. మొసలి పట్టులో బలం తగ్గిపోతూ ఏనుగు మొరపెట్టుకుంటుంది. ఆ మొరలో సందేహం ఉంది. వినేవాడు ఉన్నాడో లేడో తెలియకుండానే పిలుస్తుంది. నమ్మకం కుదిరాక పిలుద్దామనుకుంటే ఆ కథే లేదు. అటు పోతన మనసు పెట్టింది కాపాడడానికి వచ్చే విష్ణువు తొందర మీద. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేత పట్టడు, పరివారాన్ని పిలవడు, చేతిలో ఉన్న ఆమె పైట చెంగు కూడా వదలకుండా బయలుదేరతాడు. భక్తి ఉన్నా లేకపోయినా ఈ ఘట్టం ఇద్దరి ధర్మాన్ని చెబుతుంది. ఆపదలో ఉన్నవాడు అడగడానికి సిగ్గుపడకూడదు. విన్నవాడు వేళాపాళా చూసుకోకూడదు.

ఇదంతా పుస్తకాల మాట అనుకునేవాళ్ల కోసం కొన్ని లెక్కలు చెప్పాలి. అమెరికా పరిశోధకుడు రిచర్డ్ సైడెన్, చివరి క్షణంలో ఎవరో ఆపగా బతికిన 515 మంది సంగతి ఆరా తీసి 1978లో ప్రచురించాడు. ఏళ్లు గడిచినా వాళ్లలో సుమారు 94 శాతం బతికే ఉన్నారు, లేదా సహజంగా పోయారు. తిరుగులేని నిర్ణయం అనుకున్నది చాలామందిలో దాటిపోయే గడియ మాత్రమే. జెరోమ్ మాటో అనే వైద్యుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఆసుపత్రి నుంచి వెళ్లి తర్వాతి చికిత్స వద్దన్న 843 మందిని రెండుగా విడదీశాడు. ఒక సగానికి అయిదేళ్ల పాటు అప్పుడప్పుడూ చిన్న ఉత్తరం వెళ్లేది. ఎలా ఉన్నారు, మీకు రాయాలనిపిస్తే రాయండి అన్నంత వరకే. సలహా లేదు, ఉపదేశం లేదు. మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందినవాళ్లలో మరణాలు స్పష్టంగా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా అయిదు దేశాల్లోని అయిదు చోట్ల 1,867 మందితో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనం ఇంకా గట్టిది. ఒక గంట మాట్లాడి, ఆ తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు పలకరించినవాళ్లలో ఆత్మహత్యలు 0.2 శాతం. మామూలు చికిత్సతో వదిలేసినవాళ్లలో 2.2 శాతం. శ్రీలంక 1995 నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను వరసగా నిషేధించాక అక్కడి ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. అక్కడి జనం ఉన్నట్టుండి జీవితానికి కొత్త అర్థం కనుక్కోలేదు. చుట్టూ ఉన్న పరిస్థితిని ప్రభుత్వం కొంచెం మార్చింది.

మన చట్టం ఈ సంగతి గ్రహించడానికి చాలాకాలం పట్టింది. ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడినవాడిని శిక్షించే ఐపీసీ 309 సెక్షన్ చెల్లుతుందని 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 1994లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 1996లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్లీ నిలబెట్టింది. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, ప్రభుత్వం అతనికి చికిత్స, పునరావాసం కల్పించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత నేరం లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నానికి మాత్రం శిక్ష ఉంది.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ప్రాణాలు తీసుకున్నారు. నలుగురిలో ఒకరి కంటే ఎక్కువ రోజుకూలీలు. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తి పురుగు పాలైన నాటి నుంచి రైతుల చావులు తెలుగు పత్రికల్లో ఆగలేదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఇవి మనుషులు చేసిన కష్టాలు. కశ్యపుడి కథలో రథం తోలినవాడిలాగా వడ్డీ కట్టించుకున్నవాడు, కల్తీ విత్తనం అమ్మినవాడు, మార్కులే బతుకని నూరిపోసినవాడు ఇక్కడా పేరు లేకుండా తప్పించుకుంటున్నారు.

అలాంటి రైతు ఇంట్లో భార్య సంగతి చూడండి. పెద్దకర్మ కాకముందే అప్పులవాళ్లు గుమ్మంలోకి వస్తారు. 2004లో వచ్చిన 421 జీవో కింద పరిహారం రావాలంటే మండల కమిటీ, ఆపైన ఆర్డీవో విచారించి తేల్చాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పు కాగితాలు చూపించాలి. కౌలు నోటిమాటగా జరిగింది, ప్రోనోట్లు అప్పిచ్చినవాడి బీరువాలో ఉన్నాయి. ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే మర్నాడు కూలికి పోతుంది, సంఘంలో కిస్తీ కడుతుంది, పిల్ల హాస్టలు ఫీజుకు ముక్కుపుడక తాకట్టు పెడుతుంది. అదే అప్పు, అదే పొలం, అదే ఇల్లు. ఆ కష్టం ఎదుటే ఆమె బతకడాన్ని ఎంచుకుంది. అది కూడా ఒక్కసారి తీసుకుని వదిలేసిన నిర్ణయం కాదు. బతికుంటే బలుసాకు తినొచ్చన్న సామెతను పుట్టించింది ఇలాంటి ఆడవాళ్లేననిపిస్తుంది.

తత్వశాస్త్రం కొండ మీద ఒంటరి మగవాడిని ఇంత కాలం చూసి, ఈమె వైపు ఎందుకు చూడలేదన్నది నా ఫిర్యాదు. అయితే ఈమెను ధీరవనితగా పొగిడి ఊరుకోవడం కూడా నక్క చేసిన తప్పే అవుతుంది. ఆమె ఓర్పు మన బాధ్యతను తీర్చదు. ప్రైవేటు వడ్డీ మీద అదుపు, కౌలుకు కాగితం, పంటకు ధర, అప్పు భార్య మీదికి మారకుండా రక్షణ. వీటిని ఆర్థిక విషయాలని పక్కన పెట్టడానికి వీల్లేదు. బతుకు బతకదగినదా అన్న ప్రశ్నకు జవాబులో సగం ఇవే. మిగతా సగం పలకరింపు.

కాబట్టి చదువుతున్నవారికి రెండు మాటలు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, ఆఫీసులోనో ఎవరైనా ముభావంగా ఉంటే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదని పరిశోధనలు తేల్చాయి. అడిగాక తీర్పు చెప్పకుండా వినండి, ఆ రాత్రికి వాళ్లను ఒంటరిగా వదలకండి. ఈ ప్రశ్న మీదే అయితే, అడగనిదే అమ్మయినా పెట్టదు, ఇవాళే ఒక మనిషితో చెప్పండి. ఎవరూ లేరనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.